కలప పెంచమనే ముందు 2014ను ఒకసారి లెక్కలో పెట్టండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలప ఆధారిత పరిశ్రమల అనుమతులు చూసే రాష్ట్ర స్థాయి కమిటీల సభ్యులకు,

నమస్కారం.

దేశంలో కలప ఉత్పత్తి పెంచాలని, బయటి దేశాల నుంచి తెచ్చుకునేది తగ్గించాలని మీరు గట్టిగా అనుకుంటున్నారు. 2025 జూన్‌లో వ్యవసాయ భూముల్లో చెట్లు నరుక్కోవడానికి మోడల్ రూల్స్ తయారు చేసి రాష్ట్రాలకు పంపారు. రైతు తన తోటను నేషనల్ టింబర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే చాలు, పది చెట్ల దాకా ఫొటోలు పెట్టి అనుమతి పత్రం తీసుకోవచ్చని, అంతకు మించితే గుర్తింపు పొందిన ఏజెన్సీ వచ్చి చూస్తుందని అందులో ఉంది. తన గట్టు మీద టేకు చెట్టు కొట్టుకోవడానికి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతుకు ఇది నిజంగా మేలే. కలప అడవి నుంచి కాకుండా పొలం నుంచి రావాలనడం కూడా సరైన దారే. 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది ఇదే. ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకొద్దని 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత మనకు వేరే దారి కూడా లేదు.

మాది ఎన్టీఆర్ జిల్లా నందిగామ వైపు. పేపరు మిల్లులకు కర్రనిచ్చే సుబాబుల్ తోటలున్న ఊరు. ఉద్యోగరీత్యా నేను చేసేది సరుకుల రవాణాకు, నిల్వలకు కంప్యూటర్ నమూనాలు కట్టే పని. అంటే, ఒక నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో కంప్యూటర్లో ముందే లెక్క నడిపి చూడడం. ఈ రెండింటి మధ్య నిలబడి ఈ లేఖ రాస్తున్నాను. మా దగ్గర సుబాబుల్, జామాయిల్, సరుగుడు నరకడానికి అనుమతి పెద్ద సమస్య కాదు. నరికిన తర్వాత వచ్చే ధరే సమస్య. అనుమతులు సులువు చేసి, మొక్కలు పంచి, కొత్త మిల్లులకు లైసెన్సులిచ్చి ఉత్పత్తి పెంచాలనుకుంటే, ఆ నిర్ణయం ధరను ఏం చేస్తుందో ముందుగా ఒక నమూనాలో పెట్టి నడిపి చూడండి. ఆ నమూనా, కర్ర కొనే మిల్లులు మూతపడిన 2014 లాంటి పాత సంగతులను సరిగ్గా చెప్పగలిగితేనే రేపటి గురించి అది చెప్పే మాట నమ్మండి. నేను అడుగుతున్నది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్తాను.

అటవీ లెక్కలు మనకు కొత్త కాదు. 1850లలో డీట్రిచ్ బ్రాండిస్ బర్మాలోని పెగూ టేకు అడవుల్లో ఏనుగెక్కి తిరుగుతూ, చెట్లను చుట్టుకొలతను బట్టి తరగతులుగా విడదీసి లెక్కపెట్టి, ఏటా ఎన్ని నరికితే అడవి తరిగిపోకుండా ఉంటుందో తేల్చారు. 1864లో ఆయనే మన దేశానికి మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. ఆ తర్వాత వచ్చిన వర్కింగ్ ప్లాన్లన్నీ (అడవుల నిర్వహణ ప్రణాళికలు) అదే పద్ధతిలో నడిచాయి: ఎంత ఉంది, ఎంత పెరుగుతుంది, ఎంత తీయవచ్చు. ప్రభుత్వ అడవికి ఆ లెక్క సరిపోతుంది. అక్కడి చెట్టు ధర చూసి పెరగదు, ధర పడిందని ఆగదు. పొలంలో చెట్టు అలా కాదు. దాన్ని నాటిందీ, ఉంచేదీ, పీకేదీ రైతు. రైతు ధర చూస్తాడు, పక్క చేను చూస్తాడు, మిర్చి రేటు చూస్తాడు. అడవి కోసం పుట్టిన లెక్కను అలాగే తెచ్చి పొలం మీద పెడితే అది తప్పుతుంది.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2023 నివేదిక ప్రకారం అడవుల బయట ఉన్న చెట్ల నుంచి ఏటా 9 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల పారిశ్రామిక కలప రాగల సామర్థ్యం ఉంది. గొప్ప అంకె. దాన్ని తయారు చేసిన సిబ్బంది శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే అది సామర్థ్యం. రైతు అమ్మకానికి తెచ్చే సరుకు వేరే. టన్నుకు ఎంతొస్తే నరుకుతాడు, ఎంతకు పడితే వదిలేస్తాడు, ఎంతకు పడితే మొద్దులతో సహా పెకలించి పత్తి వేస్తాడు అన్నది ఆ అంకెలో లేదు. కొత్త మిల్లులకు అనుమతివ్వాలా వద్దా అని 2016 మార్గదర్శకాల కింద రాష్ట్ర స్థాయి కమిటీలు కలప లభ్యతను అంచనా వేస్తాయి. అక్కడ ఏడాదికి ఇంత అని సగటు అంకె ఒకటి బల్ల మీదికొస్తే, దాని వెనక ఏం దాక్కుంటుందో ఒక చిన్న ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు ఊహించినవే. సుబాబుల్ గానీ జామాయిల్ గానీ పెంచిన వాళ్లెవరైనా ఈ వరసను వెంటనే గుర్తుపడతారు.

ఒక ప్రాంతంలో ఏటా 100 లారీల కర్ర కోతకు వస్తోంది, మిల్లులకూ 100 లారీలే కావాలి అనుకుందాం. నాటిన నాలుగేళ్లకు కోత. ఇప్పుడు ప్రభుత్వం కొత్త మిల్లుకు అనుమతిచ్చింది. అవసరం 125 లారీలైంది. ఈ ఏడు కోతకొచ్చేది నాలుగేళ్ల కింద నాటిందే కాబట్టి సరుకు 100 లారీలే. ధర లేస్తుంది. ధర చూసి రైతులు నాటతారు. కొత్తగా నాటినవీ, పిలకలు వదిలినవీ కలిపి 150 లారీలు వచ్చేంత. రెండో ఏడు కూడా కోతకొచ్చేది 100 లారీలే, ధర ఇంకా ఎక్కువే, మళ్లీ 150కి సరిపడా నాటతారు. మూడో ఏడూ అంతే, నాలుగో ఏడూ అంతే. నాలుగేళ్ల పాటు బజారు ప్రతి రైతుకూ ఒకే మాట చెప్తుంది: నాటు, ఇంకా నాటు. అయిదో ఏడు మొదటి 150 లారీలు రోడ్డెక్కుతాయి. కావలసింది 125. ధర పడుతుంది. ఆ రోజు నుంచి ఒక్క మొక్క కూడా నాటకపోయినా ఆరో ఏడు, ఏడో ఏడు, ఎనిమిదో ఏడు కోతకు రావలసిన సరుకు అప్పటికే చేలల్లో నిలబడి ఉంది. దాన్ని ఎవరూ వెనక్కి పంపలేరు.

ఇప్పుడు ఆ ఎనిమిదేళ్ల సగటు తీయండి. నాలుగేళ్లు 100, నాలుగేళ్లు 150. సగటు 125. అవసరమూ 125. కమిటీ ముందున్న కాగితంలో సరఫరా, గిరాకీ చక్కగా సరిపోయాయి. చేను దగ్గర చూస్తే, మొదటి నాలుగేళ్లు కర్ర దొరక్క మిల్లు బయటి దేశపు సరుకుకు అలవాటు పడింది. తర్వాతి నాలుగేళ్లు కొనేవాడు లేక రైతు మునిగాడు. సగటు తప్పు చెప్పలేదు. మనకు తెలియాల్సిన విషయాన్ని మాత్రం పూర్తిగా కప్పేసింది.

ఇంతటితో అయిపోదు. సుబాబుల్, జామాయిల్ నరికితే చచ్చే చెట్లు కావు. మొదలు నుంచి పిలకలొస్తాయి. నాటు ఖర్చు లేకుండా రెండో కోత, మూడో కోత వస్తాయి. కాబట్టి ధర పడినా సరఫరా తగ్గదు. తగ్గాలంటే రైతు పొక్లెయినర్ పెట్టి మొద్దులు పీకించాలి. ఎకరం మొద్దులు తీయించడానికయ్యే ఖర్చు, ధర పడిన ఏడాది రైతు చేతిలో ఉండదు. అందుకే ధర లేచినప్పుడు సరఫరా పెరిగినంత వేగంగా, ధర పడినప్పుడు తగ్గదు. చివరికి ఎలాగో పీకించాక, మిర్చికో పత్తికో మళ్లాక, మరో మూడు నాలుగేళ్లకు కర్ర కరువొస్తుంది, మళ్లీ ధర లేస్తుంది, మళ్లీ ఇదే మొదలు. నమూనాలో ఈ రెండు వైపులకూ వేరు వేరు వేగాలు పెట్టకపోతే అది మా జిల్లాను గానీ, ప్రకాశాన్ని గానీ, ఖమ్మాన్ని గానీ చూపించలేదు.

ధర ఎంత పడుతుందన్నది కొనేవాళ్లు ఎందరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు రాష్ట్రాల్లో పేపరు కర్ర కొనే పెద్ద మిల్లులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమ్మేవాళ్లు వేలల్లో ఉన్నారు. పుస్తకాల్లో ఉండే బజారు ధర ఇక్కడ పుట్టదు. సరుకు ఎక్కువైన ఏడాది ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూశాను. నరికి, బెరడు తీసి, ట్రాక్టరుకెత్తిన కర్ర కాటా దాకా వెళ్లడానికి వరసలో నిలబడుతుంది. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే. బెరడు తీసిన కర్ర ఎండలో రోజులు గడిచేకొద్దీ ఆ నీరు ఆరిపోతుంది. డబ్బు మాత్రం టన్ను లెక్కనే. అంటే టన్ను ధర ఒక్క రూపాయి తగ్గకపోయినా, వరస పొడవయ్యేకొద్దీ రైతుకు ముట్టేది తగ్గిపోతుంది. ఆ భయంతోనే చాలామంది చేను మీదే గుత్తకు దళారికి ఇచ్చేస్తారు. మార్కెట్ కమిటీ కూర్చోబెట్టి ఒప్పించిన ధర కాగితం మీద ఉంటుంది, చేను మీద ధర ఇంకొకటి. ప్రభుత్వ రికార్డుల్లోని ధరతో కట్టిన నమూనా రైతు రేపేం నాటతాడో చెప్పలేదు. రైతు నిర్ణయం చేతికొచ్చిన డబ్బును బట్టే ఉంటుంది. దయచేసి మీ వాళ్లను ఒక సీజను కాటాల దగ్గర, చేల దగ్గర కూర్చోబెట్టి, నరికిన రోజుకూ తూచిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పడుతోందో, గుత్త ధర ఎంత పలుకుతోందో రాయించండి. ఖర్చు పెద్దగా కాదు. ఆ ఒక్క సమాచారంతో నమూనా నాణ్యత ఎంత మారుతుందో వృత్తిలో ఉన్నవాడిగా నాకు తెలుసు.

ఇక 2014 సంగతి. ఆ ఏడాది ములుగు ప్రాంతంలో కర్ర నుంచి గుజ్జు తీసే కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అదే ఏడాది సిర్పూర్ కాగజ్‌నగర్ పేపరు మిల్లు మూతపడింది, మళ్లీ 2018 దాకా తెరుచుకోలేదు. అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి ఉత్తరాంధ్ర సరుగుడు తోటలను నేలకు పడేసింది. పడిపోయిన చెట్టు ధర కోసం ఎదురుచూడదు, అదంతా ఒక్కసారిగా అమ్ముకోవలసిన సరుకైంది. ఒకే ఏడాదిలో రెండు పెద్ద కొనుగోలుదారులు పోవడం, తుపాను రావడం. మీరు తయారు చేసే ఏ నమూనాకైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇది: 2013 దాకా ఉన్న వివరాలు మాత్రమే దానికివ్వండి. ఈ మూడు దెబ్బలూ దాని మీద వేయండి. 2015 నుంచి 2020 దాకా ధరలు, తోటల విస్తీర్ణం ఎటు పోయాయో అది చెప్పగలిగిందా చూడండి. మార్కెట్ యార్డుల రిజిస్టర్లు మీకు అందుబాటులో ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాల్లో ఏ ఏడు ఎక్కడ తోట ఉందో, ఎక్కడ పీకేశారో కనిపిస్తుంది. జవాబు తెలిసిన ప్రశ్నకే తడబడే నమూనాతో రాబోయే పదేళ్ల విధానం నిర్ణయించకూడదు.

రెండో పరీక్ష ఉత్తరాదిది. 1970ల చివర, 1980లలో సామాజిక వనాల ఊపులో గుజరాత్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు పెద్ద ఎత్తున జామాయిల్ వేశారు. మొదట్లో బాగా కలిసొచ్చింది. ఆ దశాబ్దం రెండో సగంలో ధరలు కూలాయి, రైతులు తోటలు పీకేశారు. దాన్ని లోతుగా అధ్యయనం చేసిన ఎన్.సి. సక్సేనా ఒక కారణాన్ని గట్టిగా ఎత్తి చూపారు: రైతు కర్ర బజారుకొచ్చే వేళకు మిల్లులకు ప్రభుత్వ అడవుల నుంచి చౌకగా ముడిసరుకు అందుతోంది. అలా రాయితీ ధరకు ఇవ్వడం ఆపాలని 1988 విధానం చెప్పడానికి నేపథ్యం ఇలాంటి అనుభవాలే. ఈ రోజు మన రెండు రాష్ట్రాల అటవీ అభివృద్ధి సంస్థలకు వేల హెక్టార్ల జామాయిల్ తోటలున్నాయి. అవి వేలం వేసే కర్ర, రైతు కర్ర ఒకే బజారుకు వస్తాయి. ప్రభుత్వ తోటల కోతను కావాలంటే ఏడాది ముందుకో వెనక్కో జరపవచ్చు. అప్పు మీదున్న రైతుకు ఆ వెసులుబాటు లేదు. బజారులో సరుకు నిండిన ఏడాది సంస్థలు తమ కోత వాయిదా వేసి, కరువొచ్చిన ఏడాది పెంచితే ఏమవుతుందో నమూనాలో పెట్టి చూడండి. నా అంచనా ప్రకారం, డబ్బు ఖర్చు పెట్టకుండా ధరను నిలబెట్టడానికి మీ చేతిలో ఉన్న అతి బలమైన పరికరం ఇదే. నేను తప్పని నమూనా చెబితే ఆ లెక్క బయట పెట్టండి, ఒప్పుకుంటాను.

అమెరికా అనుభవం కూడా ఒక మాట. అక్కడి అటవీ శాఖ 1980లలో ఫార్‌ప్లాన్ అనే పెద్ద గణిత నమూనాతో జాతీయ అడవుల ప్రణాళికలు తయారు చేసింది. అది ఎంత పెద్దదైపోయిందంటే, దాని లోపల ఏముందో సామాన్యులకే కాదు, సంతకాలు పెట్టే అధికారుల్లో చాలామందికీ అంతుబట్టలేదు. 1987లో జాతీయ అడవుల నరికివేత 1,270 కోట్ల బోర్డు ఫీట్లతో (అక్కడి కలప కొలత) శిఖరానికి చేరింది. 1990లో ఆ అడవుల్లోని పాత చెట్ల మీద బతికే చుక్కల గుడ్లగూబను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు, కోర్టులు అమ్మకాలు ఆపాయి, 1994లో వాయవ్య అడవులకు కొత్త ప్రణాళిక వచ్చింది, నరికివేత పాతాళానికి పడింది. మిల్లుల మీద బతికిన ఊళ్లు దెబ్బతిన్నాయి. 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వుతో అక్కడ మళ్లీ కలప పెంచాలంటున్నారు. అటవీ శాఖ 25 శాతం పెంపు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ కథలో నాకు ముఖ్యమనిపించేది ఇది: నమూనాలో పెట్టని విషయం లోకంలో లేకుండా పోలేదు, కొన్నేళ్లు ఆగి కోర్టు కాగితం రూపంలో వచ్చింది.

మన దగ్గర అలా నమూనా బయట మిగిలిపోయే మనిషి కౌలు రైతు. చెట్టు నాలుగేళ్ల పంట, కౌలు ఏడాది మాట. పట్నంలో ఉండే ఆసామి సుబాబుల్ వేసుకుంటే ఆ చేను చేసుకునే కౌలుదారు బయటికి పోతాడు. మిర్చి చేనులో నాటు నుంచి కోత దాకా ఆడకూలీలకు దొరికే పని సుబాబుల్ తోటలో ఉండదు. మీ పోర్టల్ భూమి హక్కు వివరాలు అడుగుతుంది కాబట్టి, అక్కడ నమోదయ్యేది ఆసామి పేరే. ఎకరాలు, టన్నులు, రూపాయలతో పాటు పనిదినాలను కూడా నమూనాలో ఒక వరసగా పెట్టండి. కలప రెట్టింపై కూలి పనులు సగమైతే, ఆ సంగతి ఉత్తర్వుకు ముందే మీకు తెలియాలి. నీళ్ల లెక్క కూడా అంతే. భూగర్భ జలాల భయంతో కర్ణాటక 2017లో కొత్తగా జామాయిల్ వేయడాన్ని నిషేధించింది. మన మెట్ట మండలాల్లో ఎంత విస్తీర్ణం దాటితే బోర్ల మీద భారం పడుతుందో ముందే తేల్చుకోవడం మంచిది.

పురుగులనూ మరవొద్దు. సుబాబుల్ చిగుళ్ల రసం పీల్చే పురుగు 1988లో మన దేశానికొచ్చింది. జామాయిల్ ఆకుల మీద బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ 2001 ప్రాంతంలో దిగింది. ఒకే క్లోను మొక్కలు, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి తీసినవి, వేల ఎకరాల్లో ఉంటే ఇలాంటిది ఒక్కటి చాలు.

ఇవన్నీ కలిపితే ఒక అంకె రాదు, రాకూడదు కూడా. కలప ఉత్పత్తి ఇంత పెరుగుతుంది అని ఒకే సంఖ్య చెప్పే నివేదికను వెనక్కి పంపండి. ఇన్ని వందల సార్లు నడిపితే, ఇన్నిసార్లు టన్ను ధర రైతు ఖర్చు కంటే కిందికి పోయింది, పోయినప్పుడు ఇన్నేళ్లు అక్కడే ఉంది అని చెప్పే నివేదిక అడగండి. ఆ నివేదికలో వాడిన ఊహలు, కోడు అందరూ చూసేలా పెట్టండి. తెలుగులో ఒక సారాంశం వేసి మార్కెట్ యార్డుల్లో రైతుల ముందు చదివించండి. తోట పెంచినవాడికి నమూనా కట్టడం రాకపోవచ్చు. అందులోని ఊహ ఎక్కడ తప్పిందో పట్టుకోవడంలో అతన్ని మించినవాళ్లు లేరు.

పరీక్షించాల్సిన విధానాల్లో మద్దతు ధర ఒక్కటే ఉంటుందని నాకు భయం. ధర కూలాక ప్రకటించే మద్దతు నాలుగేళ్ల కింద జరిగిన నాటును సరిదిద్దలేదు. నాటే వేళకే మనం మేలుకోవాలి. మిల్లులు, నర్సరీలు, అటవీ శాఖ కలిసి ఏ ఏడు ఎన్ని మొక్కలు అమ్ముడయ్యాయో మండలాల వారీగా ప్రకటిస్తే, నాలుగేళ్ల తర్వాత ఎంత సరుకొస్తుందో రైతుకు నాటే రోజే తెలుస్తుంది. కొత్త మిల్లుకు అనుమతి ఇచ్చేటప్పుడు, చుట్టుపక్కల తోటలతో కొనుగోలు ఒప్పందాలు ముందుగానే ఉండాలన్న షరతు పెట్టవచ్చు. దిగుమతి కాగితం మీద, గుజ్జు మీద సుంకం మార్పులు చేలల్లో నాటిన నాలుగేళ్ల వ్యవధిని దృష్టిలో పెట్టుకుని చేయవచ్చు. వీటిలో ఏది పనిచేస్తుందో ఊహతో తేల్చమని నేను అనడం లేదు. వేటికవిగా, జంటలుగా, అన్నీ కలిపి నడిపి చూడమంటున్నాను. వీటిలో మొక్కల అమ్మకాల వివరం బయటపెట్టడానికి చట్టం మార్చాల్సిన పని కూడా లేదని నా నమ్మకం.

మా వైపు తొలకరికి నాటు మొదలవుతుంది, నర్సరీల్లో క్లోను మొక్కలకు అడ్వాన్సులు వేసవిలోనే కడతారు. వచ్చే వేసవిలో రైతు అడ్వాన్సు కట్టే లోపు కనీసం 2014 పరీక్ష ఫలితాన్నీ, గడిచిన నాలుగేళ్లలో రెండు రాష్ట్రాల్లో అమ్ముడైన మొక్కల లెక్కనూ ప్రకటించాలని కోరుతున్నాను. సమాచారం సేకరించే పనికి, నమూనాను రైతుల ముందు తెలుగులో వివరించే పనికి నా వంతు సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
నందిగామ ప్రాంతపు సుబాబుల్ రైతు కుటుంబీకుడు